చామంతికి పట్టిన రెండు తుప్పులు

నా ఉద్యోగమంతా ఆకులను తిరగేసి చూడడంతోనే గడిచిపోయింది. అందరూ పువ్వును చూస్తారు, కాయను చూస్తారు, మహా అయితే ఆకు పైభాగాన్ని చూస్తారు. నేను అడుగుభాగం చూసేదాన్ని. బెంగళూరులో మొక్కల తెగుళ్ళను పరీక్షించే ఒక ప్రభుత్వ ప్రయోగశాలలో చేరిన రోజు నుంచి పదవీ విరమణ దాకా అదే పని. అందులోనూ నా విద్య ఇంకా ఇరుకైనది. తుప్పు తెగుళ్ళు. ఆకు కింద, ఇనుముకు పట్టే తుప్పులాగా పొక్కులు లేపే శిలీంధ్రాలను ఒకదాని నుంచి మరొకదాన్ని వేరు చేసి చెప్పడం నా పని. గులాబీకి ఒక తుప్పు, దేవగన్నేరుకు ఒకటి, మెట్టతామరకు ఇంకొకటి. చామంతికి మాత్రం రెండు.

ఈ విద్య గురించి పెళ్ళిళ్ళలో, రైళ్ళలో నోరు జారకూడదని తొందరగానే తెలుసుకున్నాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో "తుప్పు మీద పనిచేస్తాను" అన్న పాపానికి మా ఇంటి ఓనరు ఒక ఆదివారం పొద్దున్నే తన గేటు ఊడదీసి మా గుమ్మం ముందు నిలబెట్టాడు. అది మొక్కల తుప్పండీ అని చెబితే, "గేటు పక్కనే మల్లెతీగ ఉందిగా, దాన్నుంచే అంటుకుందేమో చూడండి" అన్నాడు. చూసినట్టు నటించాను. ఇల్లు అద్దెకు దొరకడం అప్పుడూ కష్టమే.

ఇప్పుడు మా ప్రయోగశాలలో కొత్తగా చేరుతున్న పిల్లలు అప్పుడప్పుడు ఫోన్ చేసి, మీ సర్వీసులో మరిచిపోలేని కేసు ఏదని అడుగుతుంటారు. పెద్ద పంటలకు వచ్చిన పెద్ద తెగుళ్ళ గురించి చెబుతానని వాళ్ళు ఎదురుచూస్తారు. నాకు మాత్రం గుర్తొచ్చేది, ఇంకొన్నాళ్ళలో రిటైర్ అవుతాననగా వచ్చిన చామంతి ఆకు. అది వచ్చింది ఒక స్టీలు టిఫిన్ డబ్బాలో.

డబ్బాను తెచ్చింది సర్జాపుర రోడ్డులోని ఒక అపార్ట్‌మెంట్ తోటల కమిటీ అధ్యక్షుడు. గుంటూరు వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన రిటైర్డ్ బ్యాంకు మేనేజరు. టిఫిన్ డబ్బాను ప్లాస్టిక్ కవర్లో, ఆ కవర్ని బట్టసంచిలో పెట్టి, ఆ సంచిని శరీరానికి దూరంగా చాపి పట్టుకుని లోపలికొచ్చారు. చేతులకు గ్లౌజులు, మొహానికి మాస్కు. మా అటెండరు భయపడి తలుపు దగ్గర్నుంచి పక్కకు తప్పుకున్నాడు.

"ముట్టుకోకండమ్మా," అన్నారు మేనేజరుగారు, డబ్బాను నా బల్ల మీద ఉంచి వెనక్కి జరిగి. "వైట్ రస్ట్. తెల్ల తుప్పు. ఫోన్లో యాప్ చెప్పేసింది. మీరు స్టాంపు వేస్తే చాలు."

ఆయన చెప్పిన కథ ఇది. దసరాకని వాళ్ళ అపార్ట్‌మెంట్‌ను చామంతులతో నింపుదామని కమిటీ నిర్ణయించింది. సర్జాపుర దగ్గర ఒక నర్సరీకి ఆర్డరు ఇచ్చారు. మొదటి విడతగా లారీ నిండా కుండీలు వచ్చాయి. దించుతుంటే ఆకుల మీద మచ్చలు కనిపించాయి. ఈయన వెంటనే లారీని ఆపి, కుండీలన్నిటినీ సెల్లార్ పార్కింగులో ఒక మూలకు తోయించి, చుట్టూ ఎర్ర రిబ్బను కట్టించారు. తర్వాత ఇంటర్నెట్‌లో చదివారు. విదేశాల్లో తెల్ల తుప్పు కనబడితే ఆ తోటను మొత్తం తగలబెడతారని అందులో ఉంది. దాన్ని యథాతథంగా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో పెట్టారు. "సెల్లార్‌లో రస్ట్ వ్యాపిస్తోంది" అన్న ఒక్క ముక్క చూసి, పదకొండో అంతస్తు సాఫ్ట్‌వేర్ ఆయన తన కొత్త కారును వీధిలోకి మార్చేశాడట.

"ఈ ఆకు ఎక్కడిదండీ?" అని అడిగాను, డబ్బా మూత తీస్తూ.

"చామంతిదేనమ్మా. నా చేతులతో నేనే కోశాను. చూడండి, ఎంత నీట్ శాంపిలో!"

నిజంగానే నీట్ శాంపిలే. ఆకు పైన లేత పసుపు రంగు చుక్కలు చిన్న గుంటల్లా దిగి ఉన్నాయి. తిరగేస్తే, సరిగ్గా ఆ గుంటల కిందే ఉబ్బెత్తుగా, మైనం బొట్లు పెట్టినట్టు తెల్లని పొక్కులు. వేలితో రుద్దితే పొడి రాలలేదు.

ఇక్కడ కాస్త శాస్త్రం చెప్పక తప్పదు. చామంతికి పట్టే తుప్పుల్లో ఒకటి గోధుమ రంగుది, ఒకటి తెల్లది. శాస్త్రంలో రెండింటికీ ఒకే ఇంటిపేరు, అన్నదమ్ముల లెక్క. గోధుమ తుప్పు చిల్లర దొంగలాంటిది. ఆకుల్ని పాడుచేస్తుంది, పూలను తగ్గిస్తుంది, పట్టించుకుంటే లొంగుతుంది. దాని పొక్కును రుద్దితే దాల్చినచెక్క పొడిలాంటిది వేలికంటుకుంటుంది. సూక్ష్మదర్శినిలో చూస్తే గుండ్రని బీజాలు, ఒంటినిండా ముళ్ళతో పచ్చి ఆముదపు కాయల్లా కనిపిస్తాయి. తెల్ల తుప్పు అలా కాదు. దాని బీజాలు రెండు గదులవి, నడుమ కొంచెం నొక్కుకుపోయి, కింద పొడవైన కాడతో ఉంటాయి. నేను అనంతపురం జిల్లాలో పుట్టినదాన్ని కాబట్టి నాకు రెండు గింజల వేరుశనగ కాయకు ఊచ గుచ్చినట్టు కనిపిస్తాయి. అది దొంగ కాదు, దోపిడీ ముఠా. చల్లని ముసురు పడితే తోటంతా చుట్టేస్తుంది. అది బయటపడితే మొక్కల్ని ఉంచకూడదన్నది మా శాఖ నియమం.

మా దగ్గర అప్పుడే చేరిన అమ్మాయి ఒకతె ఉండేది. మారతహళ్ళిలో పీజీలో ఉంటూ, రోజూ రెండు బస్సులు మారి వచ్చేది. వరంగల్ పిల్ల. మాటల వేగం ఎంతంటే, ఆమె వాక్యం పూర్తయ్యాక గానీ మనకు దాని మొదలు అర్థమయ్యేది కాదు. స్లైడు ఆమే చేసింది. కన్ను ఆనించిన మరుక్షణం కేకేసింది.

"మేడమ్! టూ సెల్డ్! కాడలు కూడా ఉన్నయ్ మేడమ్! లిటరల్‌గా టెక్స్ట్‌బుక్ ఫోటోనే!"

నేనూ చూశాను. వేరుశనగ కాయలు. సందేహం లేదు. మేనేజరుగారు మాస్కు చాటున నవ్వుకుంటున్నట్టు ఆయన కళ్ళే చెప్పాయి.

ఇక మిగిలింది డైరెక్టరుగారి సంతకం. ఆయన మైసూరు వైపు మనిషి, ఆయన కన్నడంలో అన్నవి నేను తెలుగులో రాస్తున్నాను. పరమ మర్యాదస్తుడు. సంతకమంటే మాత్రం హడలు. ఆయన నివేదికలన్నీ "కావచ్చు"తోనో "అయి ఉండవచ్చు"తోనో ముగిసేవి. పూర్తిగా ఎండి చీపురుకట్టలా మా బల్ల మీద పడి ఉన్న ఒక టమాటా మొక్క గురించి "మొక్క ఆరోగ్యం సంతృప్తికరంగా లేకపోయే అవకాశం కలదు" అని రాసిన చేయి అది. సరిగ్గా ఆ వారమే పైఅధికారుల సమావేశంలో ఎవరో నిలదీశారట: "మీ నివేదిక చదివి రైతు మొక్కకు నీళ్ళు పోయాలా, పీకి పారెయ్యాలా?" అని. అంతమంది ముందు జరిగిన ఆ అవమానంతో తిరిగొచ్చిన మనిషి, జీవితంలో మొదటిసారి గట్టిగా ఉండాలని తీర్మానించుకున్నారు.

"నోడమ్మా," అన్నారు, అంటే చూడమ్మా అని. "ఇది అదేనా?"

"ఈ ఆకు వరకూ అదే సార్. తోటను చూశాక మిగతా..."

ఆయన మిగతా వినలేదు. కలం తీసి "ఖచ్చితంగా తెల్ల తుప్పే" అని రాశారు. "ఖచ్చితంగా" కింద గీత కూడా గీశారు. నర్సరీలో ఉన్న చామంతులన్నిటినీ నాశనం చేయాలని ఆ ఊపులోనే ఉత్తర్వు కూడా తయారు చేయించారు. అది అమలయ్యేటప్పుడు దగ్గరుండి పర్యవేక్షించే పని నాకు పడింది. నాకు ఆ తొందర నచ్చలేదు. కానీ ఆయన మొహంలో ఆ రోజు కనిపించిన వెలుగు చూస్తే, పుట్టాక మొదటిసారి సైకిల్ తొక్కిన మనిషిలా ఉన్నారు. ఆపబుద్ధి కాలేదు. పర్యవేక్షణకు వెళ్ళేది నేనే కదా, తోటను కళ్ళారా చూడకుండా అగ్గిపుల్ల గీయనివ్వనని మనసులో అనుకున్నాను.

వెళ్ళిన రోజు సన్నగా ముసురు. మారతహళ్ళి వంతెన దగ్గర అమ్మాయి మా జీపెక్కింది, చేతిలో చిన్న సూక్ష్మదర్శిని పెట్టెతో. అక్కడి నుంచి సర్జాపుర చేరేసరికి, నడిచి వెళ్ళినా ఇంతేనేమో అనిపించింది.

నర్సరీ యజమాని తాతలనాటి నుంచి ఆ ప్రాంతంలోనే ఉన్న తెలుగువాడు. బెంగళూరు పాత తెలుగు, సగానికి సగం కన్నడం. గేటు దగ్గర తువ్వాలు తలకు చుట్టుకుని నిలబడ్డాడు. వెనకాల నీడవల కింద చామంతి కుండీలు వరసలు వరసలుగా ఉన్నాయి. మొగ్గలు అప్పుడే విచ్చుకుంటున్నాయి. ఆయుధపూజ వారంలో బెంగళూరు మొత్తం, ఆటో నుంచి లారీ దాకా, చామంతి దండ వేసుకుంటుంది. ఆ వారం కోసమే అతను ఏడాదంతా బతుకుతాడు. వరసల చివర కొత్తగా తవ్విన పెద్ద గుంత ఉంది. పక్కనే ఎండు కొబ్బరిమట్టలు, డీజిలు క్యాను.

"రండమ్మా," అన్నాడు. "గుంత తవ్వి పెట్టినా. ముందు టీ తాగండి, ఆమేలే కాల్చేది చూద్దాం."

లోపలి నుంచి అతని భార్య గొంతు వినబడింది. "గిడాలు కాల్చేకి వచ్చినోళ్ళకు టీ యాటికప్పా?"

"ఏయ్, సుమ్నే ఉండు," అన్నాడు అతను. నా వైపు తిరిగి, సిగ్గుపడుతూ, "బాధలో ఉండాది మేడమ్. ఒక్కో గిడా దాని చేత్తోనే నాటింది" అన్నాడు.

టీ వచ్చింది. చక్కెర లేదు. అమ్మాయి ఒక గుక్క తాగి నా మొహం చూసింది. నేను కళ్ళతోనే తాగమన్నాను. అప్పటికే మేనేజరుగారు కమిటీ నుంచి ఇద్దరిని వెంటేసుకుని కారులో దిగారు. తగలబెట్టేటప్పుడు వీడియో తీసి గ్రూపులో పెట్టాలట, జనానికి ధైర్యం కలగాలి కదా.

నేను వరసల్లోకి నడిచి మొదటి కుండీలో ఒక ఆకు తిరగేశాను. పొక్కులున్నాయి. కానీ తెల్లగా లేవు. బొటనవేలితో రుద్దాను. వేలు దాల్చినచెక్క పొడిలో ముంచినట్టయింది. ఇంకో ఆకు, ఇంకో కుండీ. తర్వాతి వరస. అమ్మాయి తన పర్సులోంచి టిష్యూ కాగితాలు తీసి ఆకుల్ని తుడుస్తూ నా వెంటే వచ్చింది. కాగితాలన్నీ గోధుమ రంగు.

"మేడమ్, పౌడర్ వస్తోంది మేడమ్," అంది గుసగుసగా. మొదటిసారి ఆమె నెమ్మదిగా మాట్లాడింది. "ఇది బ్రౌన్ కదా?"

కుండీలు తడపడానికి వాడే సిమెంటు దిమ్మ మీద సూక్ష్మదర్శిని పెట్టించాను. ఎండ లేదు, అద్దాన్ని ఆకాశం వైపు అటూ ఇటూ తిప్పి కాస్త వెలుతురు పట్టాం. ఒక స్లైడు కాదు, ప్రతి వరస నుంచీ చూశాం. అన్నింటిలోనూ గుండ్రని ముళ్ళ బీజాలే. ఆముదపు కాయలు. వేరుశనగ కాయ ఒక్కటి కూడా లేదు.

"కాల్చడం లేదు," అన్నాను.

నర్సరీ యజమాని తువ్వాలు విప్పి మొహం తుడుచుకున్నాడు.  మేనేజరుగారు మాత్రం ముందుకొచ్చారు.

"అదేమిటమ్మా? మీ డైరెక్టరుగారు ఖచ్చితంగా అని రాశారు. కింద గీత కూడా గీశారు. తుప్పు తుప్పే కదండీ, రంగు ఏదైతేనేం?"

"మీరే చూడండి సార్," అని సూక్ష్మదర్శిని చూపించాను.

ఆయన కళ్ళజోడు తీసి, వంగి, చాలాసేపు చూశారు. "కనబడుతున్నాయి," అన్నారు గంభీరంగా. "నల్లగా, పొడుగ్గా, వంపు తిరిగి ఉన్నాయి. కదులుతున్నాయి కూడా!"

"అవి మీ కనురెప్పల వెంట్రుకలు సార్."

కమిటీవాళ్ళిద్దరూ చూశారు. ఒకాయనకు ఏమీ కనబడలేదు, రెండో ఆయనకు ఆముదపు కాయలు కనబడ్డాయి. "అబ్బ, ఎంత బాగున్నాయండీ!" అని ఆయన అక్కడి నుంచి కదల్లేదు. నర్సరీ యజమాని భార్య కూడా వచ్చి వరసలో నిలబడింది. చూసి, "ఇంత సన్నవి ఇంత పని చేస్తాయా అప్పా!" అని భర్త వీపు మీద ఒకటి చరిచింది. తర్వాత ఎవరూ అడగకుండానే లోపలికి వెళ్ళి మళ్ళీ టీ తెచ్చింది. ఈసారి చెంచా నిలబడేటంత చక్కెర.

"అయితే మాకేమీ లేదన్నట్టు," అన్నాడు అతను తేరుకుని.

"ఉంది. మీకు గోధుమ తుప్పు ఉంది. బాగానే ఉంది."

"ఏమ్మా, ఇప్పుడే గదా లేదంటిరి!"

"కాల్చేటంత లేదన్నాను. సాయంత్రం పూట పైపుతో పైనుంచి నీళ్ళు కొడుతున్నారు కదా? ఆకులు రాత్రంతా తడిగా ఉంటున్నాయి. అది మానండి, మొక్క మొదట్లో పోయండి. కుండీలు దూరం జరపండి. పట్టిన ఆకులన్నీ తుంచి ఆ గుంతలో వేసి పూడ్చండి. మందు రాసిస్తాను."

అతను భార్య వైపు చూశాడు. పైపు పట్టేది ఎవరో ఆ చూపులోనే తెలిసిపోయింది. ఆమె నీడవల వైపు చూసింది.

ఇక్కడికి సగం సంగతే తేలింది. ఆ టిఫిన్ డబ్బాలో వచ్చిన ఆకు అబద్ధం చెప్పలేదు. దాని మీద ఉన్నది నూటికి నూరుపాళ్ళు తెల్ల తుప్పే. దానిలో మిగిలిన సగం ముక్కను కాగితం పొట్లంలో పెట్టి నాతో తెచ్చుకున్నాను. తీసి నర్సరీ ఆకు పక్కన పెట్టాను. నర్సరీది వెడల్పాటి మందపు ఆకు. డబ్బాలోది పలచన, అంచులు లోతుగా చీలి ఉన్నాయి. రెండూ ఒక రకం చామంతులే కావు.

"సార్, ఈ ఆకు ఇక్కడిది కాదు. ఎక్కడిది?"

"చామంతిదే," అన్నారు మేనేజరుగారు. కానీ ఈసారి మాటలో బిగువు తగ్గింది.

అపార్ట్‌మెంట్‌కు బయల్దేరాం. మా జీపు, ఆయన కారు, వెనకాల టూవీలర్ మీద నర్సరీ యజమాని. అతన్ని రమ్మని ఎవరూ అనలేదు. అతని స్థానంలో ఉంటే నేనూ వెళ్ళేదాన్ని.

గేటు దగ్గర వాచ్‌మన్ మమ్మల్ని ఆపాడు. నేల మీద వెడల్పాటి ప్లాస్టిక్ ట్రే, దాన్నిండా గులాబీ రంగు మందునీళ్ళు. లోపలికి వెళ్ళేవాళ్ళు చెప్పులతో అందులో దిగి నడవాలి. తెగులు అంటకుండా మేనేజరుగారు పెట్టించిన ఏర్పాటు అది, ప్రతి బ్లాకు ముందూ ఒకటుంది. నేను, అమ్మాయి, నర్సరీ యజమాని దిగి నడిచాం. మేనేజరుగారు పక్కనుంచి వెళ్ళబోతే వాచ్‌మన్ చెయ్యి అడ్డం పెట్టాడు. "సార్, రూలు మీరే చేసినారు." ఆయన వేసుకున్నవి తోలు బూట్లు. ఒక్క క్షణం వాటివైపు చూసుకుని, దిగారు.

సెల్లార్‌లో కుండీలు రిబ్బను వెనక దీనంగా ఉన్నాయి. అంటుకుంటుందని భయపడి ఎవరూ నీళ్ళు పోయలేదు. చూశాం. అక్కడా గోధుమ తుప్పే. నేను లేచేసరికి లిఫ్టులోంచి మేనేజరుగారి భార్య దిగింది. నెమ్మదస్తురాలిలా కనిపించింది. వచ్చిందే భర్త కోసం.

"ఏవండీ, సెక్యూరిటీవాళ్ళతో మాట్లాడారా? నా కుండీలో ఆకులు ఎవరు కోశారో కనుక్కోమన్నానా..." అంటూ వస్తున్న మనిషి నా చేతిలోని ముక్క చూసి ఆగిపోయింది. "ఇదుగో! ఇది నా చామంతి ఆకే! మీకెక్కడ దొరికిందమ్మా? ఎవరా దొంగ?"

 మా అమ్మాయి గొంతు సవరించుకుంది. అందరం మేనేజరుగారి వైపు చూశాం.

"అది కాదు," అన్నారాయన. "లారీలో వచ్చిన వాటి మీద మచ్చ సరిగ్గా ఫోటోలో పడలేదండీ. మసకగా వచ్చింది. యాప్ ఏమీ చెప్పడం లేదు. మన బాల్కనీలో దాని మీద అచ్చు గుద్దినట్టు ఉంది. రెండూ చామంతే, రెండింటికీ మచ్చలే. బ్యాంకులో అయినా అంతే కదా, అసలు కాగితం మసకగా ఉంటే స్పష్టంగా ఉన్న కాపీ తెమ్మంటాం."

 ఆయన నిజాయితీగానే చెబుతున్నారు, అదే విచిత్రం.

ఆయన భార్య నెమ్మదిగా అడిగింది. "అంటే నా మొక్కను గిల్లి, ఎవరివో మొక్కలు తగలబెట్టమన్నారా?"

ఆయన బూట్లలో నీళ్ళు చప్పుడు చేశాయి. 

పైకి వెళ్ళాం. బాల్కనీలో, గోడ పక్కన, చల్లని నీడలో ఒక పాత మట్టికుండీ. పూలు చిన్నవి, అంచుల్లో ఊదారంగు, అలాంటివి నేను నర్సరీల్లో చూడలేదు. ఆకులు తిప్పి చూశాను. తెల్ల తుప్పు, కుండీ నిండా. నీలగిరుల్లో ఉండే చెల్లెలి దగ్గర్నుంచి పిలక తెచ్చుకుందట. బస్సులో కిటికీ పక్క సీటు మొక్కకిచ్చి తాను నడవ వైపు కూర్చుందట.

"ఈ ఆకులు తుంచేస్తే సరిపోదా అమ్మా?" అని నన్ను అడిగింది. "నర్సరీవాళ్ళకు అలాగే చెప్పారటగా."

ఇద్దరికీ పట్టింది తుప్పే, ఇద్దరివీ చామంతులే. ఒకరికి ఆకులు తుంచమని, ఇంకొకరికి మొక్కే ఉండకూడదని చెప్పాలి. నర్సరీలో "కాల్చడం లేదు" అన్నప్పుడు ఎంత తేలిగ్గా వచ్చిందో, ఇక్కడ మాట అంత బరువుగా వచ్చింది. చెప్పాను. ఆమె వాదించలేదు. పూలు కోద్దామా అని మాత్రం అడిగింది. వద్దన్నాను, కదిపితే బీజాలు చుట్టూ చెదురుతాయి. తనే ప్లాస్టిక్ సంచి తెచ్చి, మొక్క మీద నెమ్మదిగా తొడిగి, కుండీతో సహా మూతి బిగించి కట్టింది.

అప్పుడు అడగాల్సిన ప్రశ్న ఇంకొకటి ఉంది. "దీని పిలకలు ఎవరికైనా ఇచ్చారా?"

ఆమె భర్త వైపు చూడకుండా, "బి బ్లాకులో సెక్రటరీగారింటికి," అంది. కొంచెం ఆగి, "సి బ్లాకులో మా భజన బృందంలో ఆవిడకు... డి బ్లాకులో... ఇంకా అటు స్విమ్మింగ్ పూల్ వైపు..." అంది.

ఆ సాయంత్రం తోటల కమిటీ అధ్యక్షుడు భుజాన సంచులతో ఇంటింటికీ తిరిగి తన భార్య బహూకరించిన మొక్కలను వసూలు చేసుకొచ్చారు. ఏ బ్లాకుకు వెళ్ళినా ముందొక గులాబీ ట్రే. సెక్రటరీగారి భార్య మొక్కను ఇవ్వనంది, "ఇంత బాగా పూస్తుంటే ఏమొచ్చిందండీ" అని గొడవకు దిగింది. మా అమ్మాయి తన వేగంతో తెలుగు, ఇంగ్లీషు, నేర్చుకుంటున్న కన్నడం కలిపి తెల్ల తుప్పు జీవితచరిత్ర మొత్తం చెప్పింది. ఆవిడకు ఎంత అర్థమైందో తెలియదు గానీ, ఆపితే చాలన్నట్టు కుండీ చేతిలో పెట్టేసింది.

సంచులన్నీ అపార్ట్‌మెంట్ వెనక ఖాళీ జాగాలో లోతుగా పూడ్చాలి. తవ్వేవాళ్ళు లేరు, తోటమాలి సెలవు. నర్సరీ యజమాని పార ఎక్కడుందో కనుక్కుని తెచ్చాడు. మేనేజరుగారి పక్కన నిలబడి, ఎంతో మర్యాదగా అన్నాడు.

"ఎంత లోతు కావాల సార్? మా తావ తవ్విన గుంత రెడీగా ఉండాది. ఏం చేసేది, ఈడికి ఎత్తుకోని రాలేను గదా."

మేనేజరుగారు ఒక్క క్షణం అతని వైపు చూశారు. తర్వాత చొక్కా చేతులు మడిచి పార అందుకున్నారు. బాగా తవ్వలేకపోయారు. మధ్యలో నర్సరీ యజమానే మళ్ళీ తీసుకుని పూర్తిచేశాడు. సంచులు దింపేటప్పుడు ఒకరు పై అంచు, ఒకరు కింది అంచు పట్టుకున్నారు.

మర్నాడు డైరెక్టరుగారి ముందు కూర్చుని ఉన్నదంతా చెప్పాను. ఆయన ముఖం క్రమంగా పాలిపోయింది. ఉన్న ఒక్క ఖచ్చితమైన నివేదిక కూడా తప్పయిందనుకున్నారు పాపం.

"అయితే నేను రాసింది తప్పా అమ్మా?"

"కాదు సార్. మీరు రాసింది ఆకు గురించి. ఆకుకు ఖచ్చితంగా తెల్ల తుప్పే. ఉత్తర్వే వేరే చిరునామాకు పోయింది."

ఆయన ఊపిరి పీల్చుకున్నారు. నర్సరీ మీద ఉత్తర్వును రద్దు చేశారు. నివేదికను మాత్రం రద్దు చేయలేదు, చేయాల్సిన పనీ లేదు. ఆ తర్వాత ఎవరు వచ్చినా, నేను పక్కనుంటే, "చామంతి కేసులో నేను గట్టిగా రాశాను, అవునా అమ్మా?" అనేవారు. అవును సార్ అనేదాన్ని. నర్సరీకి గోధుమ తుప్పు అని కొత్త నివేదిక పంపాల్సి వచ్చినప్పుడు మాత్రం పాత అలవాటుకే తిరిగొచ్చారు. "గోధుమ రంగులో ఉన్నట్టు కనిపించే తుప్పు అయి ఉండవచ్చు" అని రాశారు. నర్సరీ యజమాని దాన్ని ఎవరితోనో చదివించుకుని నాకు ఫోన్ చేశాడు. "ఇంతకీ ఉండాదా, లేదా మేడమ్?"

ఉన్నదాన్ని అతను వదిలించుకున్నాడు. ఆకులు తుంచడంతో కొన్ని మొక్కలు బోడిగా తయారై అమ్ముడుపోలేదు, మిగతావి ఆయుధపూజకు అందాయి. అపార్ట్‌మెంట్‌వాళ్ళు కూడా, ఒక మీటింగులో చాలా గొడవపడి, కుండీలు తీసుకున్నారు. మరుసటి ఏడాది మేనేజరుగారి భార్య నర్సరీకి వెళ్ళి మంచి పిలకల కోసం రోజంతా వెతుక్కుందని విన్నాను. ఊదారంగు అంచుది మాత్రం దొరకలేదట.

నేను రిటైరై వచ్చేశాను. ఆ వరంగల్ అమ్మాయి ఇప్పుడు మా విభాగంలో గట్టి మనిషి. ఆ కేసు నుంచి నేర్చుకున్న పిల్ల. ఎవరు ఏ ఆకు తెచ్చినా, సూక్ష్మదర్శిని దగ్గరికి వెళ్ళకముందే మూడు ప్రశ్నలు అడుగుతుందట: ఈ ఆకు ఎవరింటిది, ఎవరు కోశారు, ఏ కుండీలోంచి కోశారు? మొన్న నవ్వాపుకోలేక నాకు ఫోన్ చేసింది. ఒక పెద్దమనిషి గులాబీ ఆకు తెచ్చాడట. ఆమె అలవాటు ప్రకారం అడిగింది. ఆయన తలుపు వైపు ఒకసారి చూసి, బల్ల మీదికి వంగి, గొంతు తగ్గించి అన్నాడట:

"పక్కింటోళ్ళది మేడమ్. ఏ జబ్బూ లేదని మాత్రం రాయకండి."